తల్లి ఎండలో ఉన్నాది

మొన్న మా వీధి చివరి కల్యాణ మండపం వాళ్లు గుమ్మంలో ఒక కరపత్రం పడేసి పోయారు. అయిదు రోజులపాటు ఫలానావారు సాయంత్రం ఆరుగంటలకు "ప్రవచనం ఇస్తారు" అని అచ్చు వేశారు. ఇవ్వడం ఏమిటి? ఇంజెక్షను ఇస్తారు. వాంగ్మూలం ఇస్తారు. రాజీనామా ఇస్తారు. ప్రవచనం కూడా ఇచ్చేస్తే ఇక వినేవాడు చెయ్యి చాచి పుచ్చుకుని ఇంటికి పోవడమే. ఈ మాటే పైకి అనేసి, ఆ కాగితం మడిచి, కొట్టుకుంటున్న కిటికీ రెక్క సందులో దూర్చాను. మా ఆవిడ వంటింట్లోంచి, "మళ్లీ పురాణం విప్పకండి, కాఫీ చల్లారిపోతోంది," అంది.

మామూలుగా అయితే ఆ మాటకి నాకు కోపం వస్తుంది. ఆవేళ రాలేదు. ఆయన గుర్తొచ్చాడు.

ఆయన పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఒకసారి రాశాను, అది చాలు.

అరవైల చివరి సంవత్సరాలు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మా నాన్న నెల్లిమర్ల గోనె మిల్లులో పని. నేను విజయనగరంలో ఒక మేడమీద గదిలో షార్ట్‌హాండ్ నేర్చుకుని, వేగంగా రాయగలనన్న పొగరుతో ఉద్యోగం కోసం తిరుగుతున్నాను. కొండల కింద ఊళ్లలో భూమి గొడవలు ముదిరిన రోజులవి. నలుగురు ఒకచోట కూర్చుంటే చాలు, జీపు వచ్చేది. ఎవరెక్కడ ఏం మాట్లాడారో ముక్క పోకుండా రాసుకొచ్చే మనుషులు పోలీసులకు కావలసివచ్చారు. నన్ను తాత్కాలికంగా తీసుకున్నారు. యూనిఫారం లేదు, లాఠీ లేదు. నాలుగు పెన్సిళ్లు, పేజీపేజీకీ నంబరు ముద్ర కొట్టిన ఒక నోటుపుస్తకం ఇచ్చారు.

ఆ వేసవిలో ఇన్‌స్పెక్టరు నన్ను పిలిచి ఒక అర్జీ చూపించాడు. కొండ కింది ఒక ఊళ్లో ముసలాయనొకడు మధ్యాహ్నాలు జనాన్ని పోగేసి పురాణం చెబుతున్నాడట. అది పురాణం కాదని, ఊళ్లో ముప్పాతిక పొలాలున్న ఆసామి రాసి పంపాడు.

"తేడా చాలా సులువు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పుస్తకంలో ఉన్నది చదివితే పురాణం. దానితో మనకి పనిలేదు. పుస్తకంలో లేనిది చెబితే ప్రసంగం. ప్రసంగమైతే లోపల వేస్తాను. నువ్వేమీ తేల్చక్కర్లేదు. వినపడిందల్లా రాయి."

వినపడిందల్లా రాయడమే కదా నాకొచ్చిన విద్య. సంతోషంగా బస్సెక్కాను.

మాసూళ్లు అయిపోయి ఖాళీగా ఉన్న కళ్లంలో తాటాకు పందిరి వేశారు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. ముసలమ్మలు నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తూ, చుట్ట తీసి ఉమ్మడానికి పందిరి అంచున కూర్చున్నారు. ఆయన వచ్చాడు. పొట్టి మనిషి. కళ్లజోడుకి ఒకవైపు కాడ లేదు, గోనె దారం చెవికి చుట్టుకున్నాడు. భుజం మీది తుండు తీసి నాలుగు మడతలు వేసి నేలమీద పరిచాడు. దానిమీద ఎర్రగుడ్డలో చుట్టిన పుస్తకం పెట్టి, విప్పి, ఒక పేజీ తెరిచి, దానివైపు చూడకుండా జనంవైపు చూసి అడిగాడు.

"ఎక్కడాపేను?"

తలా ఒకటి చెప్పారు. రాజు వరం అడిగినకాడ అని ఒకరు, కాదు అరక కట్టినకాడ అని ఒకరు. అందరికంటే వెనక్కి ఉన్నవాడి మాటే పట్టుకుని అక్కణ్ణుంచి మొదలుపెట్టాడు. ఒక్కడు వెనకబడినా కథ వాడి దగ్గరకి వెళ్లి వాణ్ణి తీసుకుని రావాలట. ఏడు రోజులూ ఇదే వరస.

నేను పందిరి వెనక కూర్చుని పెన్సిలు తీశాను. ఆయన ఆగాడు.

"ఏ ఊరు బాబూ?"

"నెల్లిమర్ల."

"మిల్లు కాడా? మీ అయ్య మిల్లులో పన్సేస్తాడేటి?"

అవునన్నాను.

"అయితే మిల్లు సప్పుడికి మీ యింట్లో గెట్టిగా మాటాడుకుంతారు. నాను మెల్లిగా సెప్తాను, నీకు అందదు. ముందుకొచ్చి కూకో. నాలుగు పెన్సిళ్లు సెక్కుకొని వొచ్చినోడివి, ఒక్క ముక్క పోతే మీవోళ్లు వూరుకోరు."

పందిరి కింద ఎవరూ నవ్వలేదు. నేనెవరో అందరికీ అర్థమైపోయింది. ముందుకి వెళ్లి కూర్చున్నాను. నా వీపంతా చూపులు గుచ్చుకున్నాయి.

ఆయన చెప్పేది ఆ కొండ అమ్మవారి పురాణం. ఒక రాజు దేవుణ్ణి మెప్పించి, తన అరక ఎంత దూరం చాలు తోలితే అంత నేలా తనదయ్యేలా వరం పొందాడు. ఆ చాలు అడవుల్లోంచి, చెరుకు తోటల్లోంచి, ఊళ్లలోంచి పోయింది. ఎవరి ఇల్లు అడ్డం వస్తే వాళ్లు లేచిపోవలసిందే. ముసలాయన గొప్పతనమంతా రాజు మాటలు చెప్పడంలో ఉంది. రాజుగారి దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచడు, తగ్గిస్తాడు. తియ్యగా, మర్యాదగా, "అమ్మా, మీరు లెగండి, పొద్దోతన్నాది," అంటాడు. మన ఇంటి గడపలో నిలబడి ఎవరో ఆ మాట అన్నట్టు ఒళ్లు జలదరించేది. ఆ పెద్ద ఆసామి అచ్చం అలాగే మాట్లాడతాడని నాకు తరవాత తెలిసింది.

ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే ఆయన చెప్పడు. రోజుకొకరికి ఆ పని అప్పజెబుతాడు. రెండోనాడు నన్ను చూపించాడు, ఆ తరవాత ఇక మార్చలేదు. "రాసీవోడు ఎలాగూ యింటాడు. ఇయ్యాల నువ్వు కొట్టు బాబూ ఊఁ."

ప్రభుత్వం జీతమిచ్చి పంపిన మనిషిని నేను. ఆయన ఒక వాక్యం చెప్పడం, నేను రాసుకోవడం, రాస్తూనే ఊఁ అనడం. వినపడిందల్లా రాయాలి కనక నా ఊఁలు కూడా రాశాను. ఇన్‌స్పెక్టరు అది చదివినప్పుడు మొహం ఎలా పెడతాడో అనుకుంటే నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

ఆ ఊళ్లో ఆయన పనికి "సెప్పడం" అనే పేరు. తాతేడీ అంటే, సెప్తన్నాడు అనేవారు. ఏం చెబుతున్నాడని అడిగే పనిలేదు. పెళ్లాం సాధిస్తే "పురాణం యిప్పీసినాది" అనడం, గుంటడు అబద్ధమాడితే "పురాణం సెప్పకు" అనడం అక్కడా ఉంది. తాతా, మీ పనిని ఇలా తిట్టుకి వాడుకుంటున్నారే అన్నాను ఒకసారి. "మంచిదే కదా బాబూ. నాను ఎల్లలేని యిళ్లల్లోకి కూడా నా పని ఎల్తన్నాది," అన్నాడు.

నాలుగోనాడు పొద్దున్న ఆయన నేనుంటున్న బడి అరుగు దగ్గరికి తాటిముంజెలు పట్టుకుని వచ్చాడు. నేను వేళ్లు సాగడానికి ఏదో గీస్తున్నాను. ఆయన వంగి చూశాడు.

"ఏటివి? పిట్ట నడిసినట్టున్నాది. నిన్న నాను సెప్పింది ఇందల ఉన్నాదా?"

చదివి వినిపించాను. తన మాటలు తనకే తిరిగొస్తుంటే బుగ్గన చెయ్యి పెట్టుకుని విన్నాడు. రాజు చాలు ఒక బాలెంతరాలి గుడిసెలోకి వచ్చిన చోట ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నానేనా సెప్పేను?" అన్నాడు.

"మీరే. పుస్తకంలో ఉన్నదే కదా చదివారు," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలీదు. ఇన్‌స్పెక్టరు మాట నా నోట్లోకి వచ్చేసింది.

ఆయన ఎర్రగుడ్డ విప్పి పుస్తకం నా చేతిలో పెట్టాడు. పాత పంచాంగం. తిథులు, వర్జ్యాలు, ఏనాటివో గ్రహణాలు.

"మా గురువుకాడ తాటాకులుండీవి. సెదలు తినీసినాయి. ముప్పై యేళ్లు ఆయన పక్కన కూకొని యిన్నాను. నాకు అచ్చరమ్ముక్క రాదు బాబూ. పుస్తకం ముందర లేకపోతే జెనం కబుర్లనుకుంతారని ఇది ఎట్టుకున్నాను. ఊరందరికీ తెలుసు."

"మరి ఏం చెబుతున్నారు మీరు?"

"సదవడం యేరు, సెప్పడం యేరు. సదివితే పుస్తకంలో ఉన్నాది వస్తాది. సెప్తే యినీవోడిలో ఉన్నాది వస్తాది." అని, కదులుతున్న నా చేతివైపు చూశాడు. "ఇదీ రాస్తన్నావేటి?"

రాస్తున్నాను. నాకు తెలియకుండానే. ఎదుటి మనిషి నోరు విప్పితే నా చెయ్యి కదిలేది. ఏడాది పాటు మేడమీద గదిలో నేర్పింది అదే.

"అలవాటు, తాతా," అన్నాను.

"రాయి, రాయి," అన్నాడు ఆయన. ముంజె ఒకటి ఒలిచి నాకిచ్చాడు.

రోజూ సాయంత్రం నేను ఆ గీతల్ని తెలుగులోకి ఎత్తి రాస్తే, ఒక కానిస్టేబులు సైకిలు మీద వచ్చి పట్టుకెళ్లేవాడు. ఆవేళ ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. చించేద్దామంటే పేజీలకి నంబర్లున్నాయి. ఎత్తి రాయకుండా వదిలేద్దామంటే నోటుపుస్తకం తిరిగి ఇచ్చినప్పుడు ఎవరో ఒకరు సరిచూస్తారు. ఇవన్నీ సాకులు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతే. పంచాంగం సంగతి, గురువు సంగతి, చెదల సంగతి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చాను. కానిస్టేబులు సైకిలు ఎక్కి పోతుంటే పిలవాలనిపించింది. సైకిలు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

ఆ తరవాత రెండు రోజులు నరకం. బస్సు చప్పుడైనా ఉలిక్కిపడేవాణ్ణి. ఆయన ఎదట కూర్చునేవాణ్ణి, ఊఁ కొట్టేవాణ్ణి, చెప్పేవాణ్ణి కాదు. ఒక్క మాట చాలు, తాతా, మీరు ఊరు దాటి వెళ్లిపోండి అని. ఆయన "ఎక్కడాపేను?" అని నావైపు చూసినప్పుడల్లా ఆ మాట నాలిక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది.

ఏడోనాడు కథ ఆ బాలెంతరాలి దగ్గరే ఉంది, ఆమే ఆ కొండ తల్లి. ఆమె లేవనంది. తలమీద చేట పెట్టుకుని రాజుకి ఎదురుగా నిలబడి, ఈ చేట నీడ పడినంత నేల నాకు వదిలెయ్యమంది. మిట్టమధ్యాహ్నం. చేట నీడ ఆమె పాదాలు దాటలేదు. రాజు నవ్వి, సరే అన్నాడు. పొద్దుగూకేదాకా కదలకుండా నిలబడు, అప్పుడెంత నీడ పడితే అంతా నీది, కాలు కదిపితే ఆ పాదాలంత నేల కూడా నీకు లేదు అన్నాడు. ఆమె నిలబడింది. చంకలో బిడ్డ. భటులొచ్చి ఆమె పక్కనున్న నీళ్ల కుండ పగలగొట్టారు. బిడ్డ ఏడుస్తున్నాడు.

సరిగ్గా అక్కడ జీపు వచ్చి ఆగింది.

ఇన్‌స్పెక్టరు తిన్నగా పందిరి కిందికి వచ్చి, తుండు మీది పుస్తకం ఎత్తి, నాలుగు పేజీలు తిప్పాడు. "ఇదేనా మీ పురాణం? వర్జ్యాలూ దుర్ముహూర్తాలూనా? లే."

ఆయన లేచాడు. కళ్లజోడు తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్లీ దారం చుట్టుకున్నాడు. "వస్తాను బాబూ. ఒక్క పిసరు ఆగండి. పొద్దుగూకీవరకే."

"ఇప్పుడే."

అప్పుడు ఆడవాళ్లలోంచి గోల లేచింది. ఆయన్ని తీసుకుపోతున్నారని కాదు, అది నేను తరవాత గ్రహించాను. ఆ పురాణానికి ఒక కట్టడి ఉంది. ఎక్కడ పడితే అక్కడ ఆపవచ్చు గాని తల్లిని ఎండలో నిలబెట్టి ఆపకూడదు. ఆపితే ఆ యేడు ఊళ్లో పసిపిల్లలు నిలవరని నమ్మకం. అడ్డపొగ ముసలమ్మ ఒకతి చుట్ట పారేసి ఇన్‌స్పెక్టరు కాళ్లకి అడ్డంపడింది.

"తల్లి ఎండలో ఉన్నాది బాబూ! గుంటడు సంకలో ఉన్నాడు! నీడ పడనియ్యండి, అప్పుడు తీసుకుపొండి!"

ఇన్‌స్పెక్టరు ఆమెని దాటి నడిచాడు. ఒక క్షణం అతనికీ ఏదో తోచినట్టు ఆకాశంలోకి చూసి, పుస్తకం నేలమీద పడేసి, జీపు ఎక్కాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు ముసలాయన రెక్కలు పట్టుకోబోయారు. ఆయన వంగి పంచాంగం తీసి, దుమ్ము దులిపి, నా దగ్గరకి వచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"ఇన్నాళ్లూ ఊఁ కొట్టినావు. ఆ తల్లిని ఎండలో ఒగ్గీకు," అన్నాడు.

జీపు వెళ్లిపోయింది. ఎవరూ లేవలేదు. లేస్తే ఆపినట్టు అవుతుంది. పందిరి కింద నూరుమంది నన్ను చూస్తున్నారు. వెనకనుంచి ఒకడు, "ఈడేటి సెప్పీది? ఈడే కదా రాసి పట్టించినోడు!" అన్నాడు.

"అయినా, ఆయన ఈడి సేతిలోనే ఎట్టినాడు," అంది ముసలమ్మ. "ఈడే సెప్పాల."

నా దగ్గర ఆరు రోజుల మాటలున్నాయి. ఏడో రోజు ముగింపు లేదు. పంచాంగం తెరిచి, దాంట్లోకి చూస్తూ, నాకొచ్చిన గ్రాంథికమంతా కూడదీసి, "అంతట నయ్యిల్లాలు కడుంగడు దుఃఖాక్రాంతయై..." అన్నాను.

"సదవకు బాబూ," అంది ముసలమ్మ. "సెప్పు."

పుస్తకంలోంచి తలెత్తాను. పొద్దు వాలుతోంది. పందిరి రాట నీడ మా కాళ్లమీంచి, కళ్లంలోంచి, గట్టు దాటి పోయింది. దాని కొస ఎక్కడుందో చూడ్డానికి నేను మెడ చాచాను. నాకు కనపడింది చెప్పాను.

"పొద్దు వాలింది," అన్నాను.

"ఊఁ," అన్నారు.

"నీడ సాగింది."

"ఊఁ."

"గుడిసె దాటింది. గట్టు దాటింది."

"ఊఁ."

"రాజుగారు తోలిన చాలు మీద పడింది. ఆ చాలు వెంటే పోయింది. ఎంత దూరం తోలాడో అంత దూరమూ పోయింది. కోట మీద పడింది. రాజుగారి మీద కూడా పడింది."

ఊఁ అన్నది ఈసారి పందిరంతా. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. నేనూ ఏడుస్తున్నాను, దాచుకోలేదు. తల్లి చేట దించింది, కూర్చుంది అన్నాను. అప్పుడు లేచారు అందరూ. ఎవరూ నాతో మాట్లాడకుండా ఇళ్లకి పోయారు.

ఆ సాయంత్రం నివేదికలో చివరి పేజీ రాశాను. వక్త పేరు అన్న చోట నా పేరు రాశాను. చెప్పినది పుస్తకంలో ఉన్నదా అన్న చోట లేదు అని రాశాను. వారం తిరక్కుండా నా పెన్సిళ్లు, నోటుపుస్తకం వెనక్కి తీసుకున్నారు. నేను కొత్తవలసలో ఒక కలప అడితిలో ఉత్తరాలు టైపు చేసే పనిలో చేరాను. నా మాటకి విలువిచ్చి ఆయన్ని వదిలారని చెప్పుకోను. అలాంటిదేమీ జరగలేదు. మూడు నెలలు ఉంచి, కేసు నిలవదని తోచాక శ్రీకాకుళంలో బస్టాండు దగ్గర దింపేశారు. అక్కణ్ణుంచి నడిచి వెళ్లాడట.

ఆ చలికాలంలో ధైర్యం చేసి ఆ ఊరు వెళ్లాను. ఆయన్ని చూడ్డం అదే ఆఖరు. మరుసటి వేసవికి పందిరి వెయ్యలేదని, అప్పటికే ఆయన పోయాడని తరవాత విన్నాను.

చూరు కింద నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. రొమ్ము గలగలమంటోంది. గొంతు పోయింది, గాలి తప్ప మాట రావడం లేదు. నన్ను గుర్తుపట్టి, మంచం పట్టెమీద చేత్తో తట్టాడు. కూర్చున్నాను. ఆయన పెదవులు కదిలాయి. వంగి చెవి పెట్టాను.

"ఎక్కడాపేవు?"

"తల్లి నీడలోకి వచ్చేసింది, తాతా."

"గుంటడికి నీళ్లు పోసినావా?"

భటులు కుండ పగలగొట్టిన సంగతి, బిడ్డ ఏడుస్తున్న సంగతి నేను మరిచేపోయాను. నీడ, కోట, రాజు, ఇవన్నీ చెప్పి చంకలో బిడ్డని దాహంతో వదిలేశాను.

"లేదు, తాతా. మరిచిపోయాను."

"పొయ్యి మరి."

ఆమె కూర్చున్న చోట పాదాల కింద నేల తడిసిందని, చెలమ ఊరిందని, చేటతో తోడి బిడ్డ నోట్లో పోసిందని చెప్పాను. ఆయన తల ఊపాడు. నేను ఇక ఆపుకోలేకపోయాను.

"తాతా, పంచాంగం సంగతి రాసి పంపింది నేను. మీరు రాయమన్నారని కాదు. పేజీ చించడానికి భయపడ్డాను."

తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని, చెయ్యి నా మోకాలి మీద వేసి, "ఊఁ," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆగిపోయాను.

"ఊఁ," అన్నాడు మళ్లీ, కథ మధ్యలో ఆపినవాణ్ణి తొందరపెడుతున్నట్టు.

అప్పుడు మొదటినుంచీ, బస్సెక్కిన దగ్గర్నుంచీ, చెప్పాను.